డైనమో మార్చినా తీరని చార్జింగు చిక్కు

బండి – కరెంటు: పాఠకుల ప్రశ్నలకు సమాధానాలు

పాత వ్యాన్లను కొని ఇంటిలా మార్చుకుంటున్నవారి ఉత్తరాలు ఈమధ్య ఎక్కువయ్యాయి. వాటిలో శ్రీకాకుళం నుంచి వచ్చిన మొదటి ఉత్తరంలోనే మిగిలినవారి సందేహాలు సగం ఇమిడి ఉన్నందువల్ల దానికి ఈసారి ఎక్కువ చోటు ఇస్తున్నాను.

ప్రశ్న: నేను ఉపాధ్యాయునిగా పదవీ విరమణ చేసి శ్రీకాకుళంలో ఉంటున్నాను. 2003 మోడల్ పన్నెండు సీట్ల డీజిల్ వ్యాను కొని, సీట్లు తీయించి, లోపల మంచం, చిన్న ఫ్రిజ్, రెండు ఫ్యాన్లు, దీపాలు పెట్టించుకున్నాను. వీటి కోసం వెనుక 150 ఆంపియర్ అవర్ల ట్యూబులర్ బ్యాటరీ ఉంది. దానికి ముందు బ్యాటరీ నుంచి ఇంటి వైరింగులో వాడే 4 చదరపు మిల్లీమీటర్ల తీగ నేరుగా లాగారు. నేనూ మా ఆవిడా నెలకోసారి శ్రీముఖలింగమో, శాలిహుండమో, బారువ తీరమో వెళ్లి ఒకటి రెండు రాత్రులు బండిలోనే గడిపి వస్తుంటాం. ఏడాదిలో రెండుసార్లు డైనమో మార్పించినా వెనుక బ్యాటరీ అర్ధరాత్రికే అయిపోతోంది. బండి ఆగి ఉండగా ఇంజను నడుస్తున్నా హెడ్‌లైట్లు మసకబారుతున్నాయి. మొన్న బారువలో తెల్లవారి సెల్ఫ్ అందుకోకపోతే అక్కడి మత్స్యకారులు ఇసుకలోంచి తోసి పెట్టారు. స్టార్టు చేసేటప్పుడు ఒక్కోసారి ఎక్సిలేటరు కేబులు దగ్గర కాలిన వాసన వస్తోంది. మొదటి డైనమో మార్చాక ఎలక్ట్రీషియన్ ఇంజను నడుస్తుండగానే బ్యాటరీ టెర్మినల్ పీకి చూపించి, ఇంజను ఆగలేదు కనుక డైనమో బాగున్నట్టే అన్నాడు. వారం తిరక్కుండా అదీ పోయింది. డాష్‌బోర్డులో చార్జింగు ఎర్రదీపం మాడిపోతే ఎల్‌ఈడీ వేయించాను. ఇప్పుడు మూడో డైనమో కొనమంటున్నారు. కొనమంటారా?

జవాబు: కొనవద్దు. మీ ఉత్తరాన్ని నేను రెండుసార్లు చదివాను. అందులో డైనమోను అనుమానించవలసిన ఆధారం ఒక్కటీ కనిపించలేదు గానీ, తీగలనూ ఎర్తునూ (బండి ఇనుప ఒంటి గుండా కరెంటు బ్యాటరీకి తిరిగి వచ్చే దారినీ) అనుమానించవలసిన ఆధారాలు నాలుగున్నాయి.

ముందుగా ఆ టెర్మినల్ పీకే పరీక్ష సంగతి చెప్పాలి, ఎందుకంటే మీరు మొదటిసారి మార్పించిన డైనమో ప్రాణం తీసింది బహుశా అదే. మనం వాడుకలో డైనమో అంటున్నది నిజానికి ఆల్టర్నేటరు. వెనుకటి అసలు డైనమో నేరుగా డీసీ ఇచ్చేది. దానిలో డయోడ్లు ఉండేవి కావు కనుక ఇలాంటి మోటు పరీక్షలను తట్టుకునేది. ఆల్టర్నేటరు మూడు ఫేజుల ఏసీ పుట్టిస్తుంది. దాన్ని డీసీగా మార్చే డయోడ్లూ, వోల్టేజిని అదుపులో ఉంచే రెగ్యులేటరూ దాని ఒంట్లోనే ఉంటాయి. ఈ రెగ్యులేటరును మన ఎలక్ట్రీషియన్లు ఇప్పటికీ కటౌటు అనే అంటారు, అది కూడా డైనమో కాలం నుంచి మిగిలిపోయిన మాటే. నడుస్తున్న ఇంజనులో బ్యాటరీని హఠాత్తుగా తప్పిస్తే అప్పటిదాకా దానిలోకి పారుతున్న కరెంటుకు దారి లేక వోల్టేజి ఒక్క క్షణంలో కొన్ని పదుల వోల్టుల దాకా ఎగుస్తుంది. ఆ దెబ్బకు డయోడ్లు అప్పటికప్పుడే పోవచ్చు, లేదా దెబ్బతిని కొన్ని రోజులకు పోవచ్చు. పైగా డీజిలు అందించడానికి మెకానికల్ పంపు ఉన్న పాత డీజిల్ ఇంజను ఒకసారి అందుకుందంటే తిరగడానికి కరెంటు అవసరం దాదాపు ఉండదు. అందువల్ల టెర్మినల్ పీకినా ఇంజను ఆగలేదంటే పంపు బాగున్నదని తప్ప ఆల్టర్నేటరు గురించి ఏమీ తెలియదు. లారీలకు పేరుపడిన సాలూరు వంటి చోట కూడా పాత చేతులు కొన్ని ఇంకా ఈ పరీక్షే చేస్తుండటం చూశాను. మీ బండి మీద మాత్రం ఇకపై ఎవరినీ చేయనివ్వకండి.

దాని బదులు కొన్ని వందల రూపాయలకు దొరికే డిజిటల్ మల్టీమీటరు ఒకటి కొని బండిలో ఉంచుకోండి. రాత్రంతా ఆగి ఉన్న బండిలో ఉదయం, ఏమీ వేయకముందు, ముందు బ్యాటరీ కొనల దగ్గర కొలవండి. 12.6 వోల్టులు ఉంటే నిండుగా ఉన్నట్టు, 12.2 ఉంటే సగానికి వచ్చినట్టు, 11.9 ఉంటే దాదాపు ఖాళీ అయినట్టు. సెల్ఫ్ కొట్టేటప్పుడు మరొకరు చూస్తే అది 9.6 కంటే కిందికి జారకూడదు. జారితే బ్యాటరీయే ముసలిదైందేమో చూపించాలి. ఇంజను అందుకున్నాక కాస్త రేస్ చేసి పట్టుకుంటే 13.8 నుంచి 14.4 మధ్య రావాలి. హెడ్‌లైట్లు, ఫ్యాన్లు అన్నీ వేసినా 13.5 దాకా నిలబడాలి.

ఇక్కడే అసలు కిటుకు ఉంది. ఇంజను నడుస్తూ, దీపాలన్నీ వెలుగుతూ ఉండగా మీటరు ఎర్ర తీగను ఆల్టర్నేటరు వెనుక ఉన్న పెద్ద బోల్టు మీదా, నల్ల తీగను బ్యాటరీ ప్లస్ మీదా పెట్టండి. రెండూ ఒకే తీగకు రెండు కొనలు కనుక మీటరులో దాదాపు సున్నా రావాలి. 0.3 వోల్టులు దాటితే ఆ దారిలో ఎక్కడో లగ్గు (తీగ కొనన ఉండే లోహపు బిగింపు) వదులైందనో, తీగ లోపల చిలుము పట్టిందనో అర్థం. తరువాత ఒక తీగను బ్యాటరీ మైనస్ మీదా, మరొకదాన్ని ఆల్టర్నేటరు ఒంటి మీదా పెట్టి చూడండి. ఇక్కడ 0.2 దాటకూడదు. చాలామంది ప్లస్ వైపు తీగలు చూసి ఊరుకుంటారు. కరెంటు వెళ్లడానికి ఎంత దారి కావాలో తిరిగి రావడానికీ అంతే దారి కావాలన్న సంగతి మరచిపోతారు.

మీ బండిలో ఎర్తు దెబ్బతిన్నదని నేను ఇక్కడి నుంచే చెప్పగలను, ఎందుకంటే ఎక్సిలేటరు కేబులు దగ్గర వాసన వస్తోందని మీరే రాశారు. ఇంజనుకూ ఛాసిస్‌కూ మధ్య అల్లిక తీగ ఒకటి ఉంటుంది. అది తెగినా, దాని బోల్టు కింద రంగో తుప్పో చేరినా, సెల్ఫ్ మోటారు లాగే వందల ఆంపియర్ల కరెంటు వేరే దారి లేక ఎక్సిలేటరు కేబులు, క్లచ్చి కేబులు గుండా వెనక్కి పోతుంది. అవి కాలేది అందుకే. వ్యానును ఇంటిగా మార్చేటప్పుడు కింద రంగు కొట్టించి, నేలకు ప్లైవుడ్ పరిపించి ఉంటారు. ఆ రంగు ఎర్తు బోల్టుల మీద కూడా పడుతుంది. దానికి తోడు బారువ ఉప్పుగాలి. అల్లిక తీగ రెండు కొనలనూ విప్పించి, లోహం మెరిసేదాకా గరుకు కాగితంతో రుద్దించి, పళ్ల వాషరు వేసి బిగించాక, ఆ తరువాతే పైన వాజిలైను రాయించండి. ముందు రాసి బిగిస్తే ప్రయోజనం లేదు. తీగ పాతదైతే కొత్తది వేయించండి. డైనమో ఖరీదుతో పోలిస్తే అదెంత?

ఎర్రదీపం విషయం చిన్నదిగా కనిపిస్తుంది గానీ చిన్నది కాదు. తాళం తిప్పగానే ఆ దీపం గుండా వెళ్లే కొద్దిపాటి కరెంటే ఆల్టర్నేటరు లోపలి రోటరులో మొదటి అయస్కాంతాన్ని పుట్టిస్తుంది. పాతకాలపు రెండు మూడు వాట్ల బల్బు అందుకు సరిపడా కరెంటును పోనిస్తుంది, ఎల్‌ఈడీ పోనివ్వదు. అలాంటప్పుడు ఇంజను గట్టిగా రేస్ చేసేదాకా ఆల్టర్నేటరు నిద్ర లేవదు. స్టార్టు చేసిన తరువాత ఆగి ఉన్న బండిలో దీపాలు మసకబారడానికి ఇదొక కారణం కావచ్చు. మళ్లీ మామూలు బల్బే వేయించండి. తాళం తిప్పితే అది వెలగాలి, ఇంజను అందుకోగానే పూర్తిగా ఆరిపోవాలి. ఇంజను నడుస్తున్నప్పుడు కూడా గుడ్డిగా వెలుగుతూ ఉంటే అప్పుడు డయోడ్లను అనుమానించవచ్చు.

ఇక వెనుక బ్యాటరీ. ముందు నుంచి వెనుకకు ఆరు మీటర్లు, తిరుగు తీగతో కలిపి పన్నెండు మీటర్లు అనుకుందాం. 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ పన్నెండు మీటర్లకు నిరోధం సుమారు 0.05 ఓములు. దానిలో 20 ఆంపియర్లు పారాలంటే దారిలోనే ఒక వోల్టు ఖర్చవుతుంది. ముందు 14.2 ఉన్నా వెనుకకు 13.2 మాత్రమే చేరుతుంది. కరెంటు తగ్గేకొద్దీ ఆ నష్టమూ తగ్గుతుంది కనుక బ్యాటరీ ఎప్పటికీ నిండదని అనలేం గానీ, దానికి పట్టే సమయం మీరు ప్రయాణం చేసే సమయానికి ఎన్నో రెట్లు అవుతుంది. అదే 25 చదరపు మిల్లీమీటర్ల తీగ అయితే నష్టం 0.17 వోల్టుల లోపే.

తీగ మార్చడమే కాదు, రెండు బ్యాటరీలను నేరుగా కలిపిన పద్ధతి కూడా మార్చాలి. ఇప్పుడున్న పద్ధతిలో రాత్రి ఫ్రిజ్ వెనుక బ్యాటరీతో పాటు ముందుదాన్ని కూడా తాగేస్తోంది, ఉదయం సెల్ఫ్ అందుకోకపోవడానికి కారణం అదే. అంతకంటే పెద్ద ప్రమాదం మరొకటి ఉంది: మీరు సెల్ఫ్ కొట్టినప్పుడల్లా వెనుక బ్యాటరీ కూడా సాయానికి వచ్చి ఆ సన్నని తీగలోకి 50, 60 ఆంపియర్ల దాకా నెడుతుంది. ఆ తీగ చెక్క పలకల వెనుక నుంచి వెళుతోందని గుర్తుంచుకోండి. మధ్యలో వోల్టేజిని గమనించే రిలే ఒకటి పెట్టించండి. అది ముందు బ్యాటరీ వోల్టేజి సుమారు 13.3కు చేరాక రెండింటినీ కలుపుతుంది, 12.8కి తగ్గగానే విడదీస్తుంది. రెండు బ్యాటరీల దగ్గరా, తీగ మొదట్లోనే, తీగకు తగిన ఫ్యూజు తప్పనిసరి. ఈ తీగలో కరెంటు రెండు వైపుల నుంచీ రాగలదు కనుక ఒక వైపు ఫ్యూజు చాలదు.

ఇవన్నీ చేసినా మీరు కోరుకున్నంత ఫలితం రాకపోవచ్చు. లెక్క కట్టి చూడండి. చిన్న 12 వోల్టుల ఫ్రిజ్ ఆగుతూ నడుస్తూ సగటున రెండున్నర ఆంపియర్లు తీసుకుంటే రోజుకు 60 ఆంపియర్ అవర్లు. ఫ్యాన్లు రెండూ పది గంటలు తిరిగితే 30. దీపాలకు 5. మొత్తం 95. మీ బ్యాటరీ 150దే అయినా సగానికి మించి తోడితే దాని ఆయుష్షు తరుగుతుంది. పైగా ట్యూబులర్ బ్యాటరీ నిదానంగా, 15 ఆంపియర్ల కరెంటుతో నింపుకోవలసింది. చివరి ఇరవై శాతానికి మరీ సమయం తీసుకుంటుంది. శ్రీకాకుళం నుంచి బారువ వెళ్లే రెండు మూడు గంటల్లో ఏ ఆల్టర్నేటరూ దాన్ని నింపలేదు. బయలుదేరే ముందు రోజు రాత్రి ఇంటి దగ్గర చార్జరుతో నింపుకుని, బండి పైన సౌర పలక వేయించుకుంటే రెండో రాత్రికి ఇబ్బంది ఉండదు.

ఒకవేళ ఆల్టర్నేటరునే చూడవలసి వస్తే, మీటరును ఏసీకి తిప్పి, ఇంజను నడుస్తూ దీపాలు వెలుగుతుండగా బ్యాటరీ మీద కొలవండి. అర వోల్టు దాటితే డయోడు పోయింది. ఉదయం చల్లని ఇంజను మీద ఆల్టర్నేటరు ఒక్కటే గోరువెచ్చగా ఉన్నా అదే జబ్బు. అప్పుడు కూడా కార్బన్ బ్రష్షులు, డయోడ్ల ప్లేటు, బేరింగులు విడివిడిగా దొరుకుతాయి. మొత్తం మార్చవలసిన అవసరం తక్కువ. బెల్టును బొటనవేలితో నొక్కితే సెంటీమీటరు కంటే ఎక్కువ దిగకుండా ఉందేమో కూడా ఓసారి చూసుకోండి.

ప్రశ్న: మా బండి రెండు రోజులు కదపకపోతే బ్యాటరీ పడిపోతోంది. నడుస్తున్నప్పుడు చార్జింగు 14.1 చూపిస్తోంది. – ఒక పాఠకుడు, బొబ్బిలి

జవాబు: మీ చార్జింగు బాగానే ఉంది, బండి ఆగినప్పుడు ఎవరో తాగుతున్నారు. తాళంచెవి బయటికి తీసి, తలుపులు మూసి, బ్యాటరీ మైనస్ విప్పి, ఆ మైనస్‌కూ విప్పిన తీగకూ మధ్య మీటరును 10 ఆంపియర్ల సాకెట్లో పెట్టి కలపండి. మీటరు అలా ఉండగా పొరపాటున కూడా సెల్ఫ్ కొట్టవద్దు. 0.05 ఆంపియర్ల లోపు ఉంటే మామూలే. అర ఆంపియరు ఉందంటే రోజుకు 12 ఆంపియర్ అవర్లు పోతున్నట్టు. ఫ్యూజులు ఒక్కొక్కటే తీస్తూ వెళితే, దేన్ని తీసినప్పుడు అంకె పడిపోతుందో దొంగ ఆ దారిలోనే ఉంటాడు. అన్నీ తీసినా తగ్గకపోతే ఆల్టర్నేటరు పెద్ద తీగను విప్పి చూడండి. తరువాత వేయించిన పాటల యాంప్లిఫయరును తాళంతో సంబంధం లేకుండా నేరుగా బ్యాటరీకి కలపడం నేను ఎక్కువగా చూసిన కారణం.

ప్రశ్న: వారానికోసారి డిస్టిల్డ్ వాటర్ పోయవలసి వస్తోంది. బండిలో కుళ్లిన కోడిగుడ్ల వాసన. – రాజాం నుంచి ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, ముందు కిటికీలు తెరిచి, బ్యాటరీ దగ్గర అగ్గిపుల్ల గీయకుండా చూడండి. ఇంజను నడుస్తుండగా 14.8 దాటితే రెగ్యులేటరు అదుపు తప్పినట్టు. దాన్ని మార్పించే ముందు రెగ్యులేటరు ఎర్తునూ, వోల్టేజి తెలుసుకునే తీగ విడిగా ఉంటే దాన్నీ చూపించండి. ఆ తీగ దారిలో చిలుము ఉంటే, బ్యాటరీకి వోల్టేజి చాలడం లేదని పొరబడి రెగ్యులేటరు ఇంకా పెంచుతూ పోతుంది. వోల్టేజి మామూలుగానే ఉంటే బ్యాటరీలో ఒక గది షార్టయి ఉండవచ్చు. యాసిడ్ చిక్కదనం కొలిచే హైడ్రోమీటరుతో చూస్తే ఆ ఒక్క గది తేడాగా కనిపిస్తుంది.

ప్రశ్న: వెనుక 100 ఆంపియర్ అవర్ల లిథియం బ్యాటరీ వేయిద్దామనుకుంటున్నాను. పాత తీగలకే నేరుగా కలిపేయవచ్చని దుకాణంలో చెప్పారు. – విజయనగరం పాఠకుడు

జవాబు: బ్యాటరీ ఎంపిక మంచిదే, కలిపే పద్ధతి మంచిది కాదు. సీసపు బ్యాటరీ నిండేకొద్దీ తనంతట తానే కరెంటును తగ్గించుకుంటుంది. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ లోపలి నిరోధం చాలా తక్కువ కనుక దాదాపు నిండేదాకా ఎంత ఇస్తే అంత లాగుతూనే ఉంటుంది. పాత ఆల్టర్నేటరు ఎప్పుడో ఒకసారి కాసేపు పూర్తి కరెంటు ఇవ్వడానికి పుట్టిందే గానీ, గంటల తరబడి ఇవ్వడానికి కాదు. బండి నెమ్మదిగా పోతున్నప్పుడు దాని ఫ్యాను కూడా నెమ్మదిగా తిరుగుతుంది. సాలూరు ఘాటు ఎక్కుతూ రెండో గేరులో అరగంట వెళ్లారంటే వైండింగు వార్నిషు వాసన మీకే తెలుస్తుంది. ఇంకొక చిక్కు కూడా ఉంది: బ్యాటరీ లోపలి రక్షణ వలయం ఏ కారణం చేతనైనా చటుక్కున తెగితే, మొదటి జవాబులో చెప్పిన టెర్మినల్ పీకిన ఫలితమే దాదాపు ఇక్కడా వస్తుంది. అందుచేత మధ్యలో డీసీ నుంచి డీసీకి మార్చే చార్జరు పెట్టించండి. అది ఆల్టర్నేటరు నుంచి తీసుకునే కరెంటును ఒక హద్దులో ఉంచి, లిథియంకు కావలసిన 14.2 నుంచి 14.6 వోల్టులు ఇస్తుంది. దాని సామర్థ్యం మీ ఆల్టర్నేటరు మీద రాసి ఉన్న ఆంపియర్లలో సగానికి మించకుండా ఎంచుకోవడం క్షేమం.

ప్రశ్న: 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు మా ఉద్దానంలో రోజుల తరబడి కరెంటు లేదు. మళ్లీ అలాంటిది వస్తే మా వ్యాను ఇంజను నడిపి, ఇన్వర్టరు ద్వారా ఇంటికి కరెంటు ఇచ్చుకోవచ్చా? – సోంపేట పాఠకుడు

జవాబు: ఇచ్చుకోవచ్చు, రెండు పనులు మాత్రం చేయకూడదు. ఇన్వర్టరు కరెంటును ఇంటి గోడ ప్లగ్గులోకి వెనక్కి ఎక్కించవద్దు. అది వీధి తీగల్లోకి, ట్రాన్స్‌ఫార్మరు గుండా వెనక్కి వెళ్లి 11 కేవీ లైనులోకి కూడా పాకవచ్చు. ఆ సమయంలో స్తంభాల మీద పనిచేస్తున్నవారి ప్రాణాలతో చెలగాటం అది. వ్యాను నుంచి ఎక్స్‌టెన్షన్ బోర్డు లాగి, ఫోన్లు, ఒకటి రెండు దీపాలు, ఒక ఫ్యాను దానికే పెట్టుకోండి. రెండోది, వాన పడుతోందని బండిని మూసిన షెడ్డులోనో, ఇంటి వసారాలోనో పెట్టి ఇంజను నడపవద్దు. పొగలోని కార్బన్ మోనాక్సైడు వాసన లేకుండానే నిద్రలో చంపుతుంది.

ఆగి ఉన్న బండిలో ఇంజను నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు ఆల్టర్నేటరు తన శక్తిలో సగం కూడా ఇవ్వదు కనుక ఖర్చయ్యే డీజిలుకు వచ్చే కరెంటు తక్కువ. తుపాను వెళ్లిన తరువాత రోజుల్లో మబ్బు విడిస్తే 200 వాట్ల సౌర పలక ఒకటి మంచి ఎండలో 10 ఆంపియర్లకు అటూ ఇటూ ఇస్తుంది. అది ఇంజను నడపడం కంటే మేలు. వాతావరణ శాఖ హెచ్చరిక వచ్చిన రోజే రెండు బ్యాటరీలూ నింపి పెట్టుకోండి. నీళ్లు చేరే చోట బండి ఉంటే బ్యాటరీల ముందుగా మైనస్, తరువాత ప్లస్ విప్పండి. బిగించేటప్పుడు ముందు ప్లస్, తరువాత మైనస్. ఉప్పునీరు తగిలిన టెర్మినళ్లనూ ఎర్తు బోల్టులనూ మంచినీళ్లతో కడిగి, పూర్తిగా ఆరాక, మొదటి జవాబులో చెప్పినట్టు రుద్దించి బిగించాకనే తాళం తిప్పండి.